రెండో రాయి

మా అమ్మ పుట్టిన ఊరు శామీర్‌పేట దాటి, కరీంనగర్ రోడ్డు విడిచి లోపలికి పోతే వస్తుంది. ఊరి వెనక పెద్ద గుట్ట ఉంది. పెళ్ళి కాకముందు అమ్మ ఆ గుట్ట మీద మేకలు కాసింది, కట్టెలు ఏరింది, సీతాఫలాలు తెంపి గంపలో పెట్టుకుని శామీర్‌పేట అంగడికి మోసింది. ఒకసారి ఎలుగుబంటిని చూశానని కూడా అంటుంది. మా అక్క ఆ మాట నమ్మదు. ఇప్పుడు ఆ ఊర్లో మావాళ్ళెవరూ లేరు. పొలాలన్నీ ప్లాట్లయ్యాయి, ప్లాట్లలో సగం విల్లాలయ్యాయి. గుట్ట మాత్రం అటవీ శాఖది కాబట్టి దాని చెట్లతో అది మిగిలింది.

పోయిన ఏడు వానలు వెనకపట్టాక అమ్మ ఒకరోజు అన్నం తింటూ అంది. "నా మోకాళ్ళు మొత్తానికి పోకముందు ఒక్కసారి గా గుట్ట ఎక్కియ్యిరా బిడ్డా. పైనుంచి చెరువు జూడాలె."

మేముండేది అల్వాల్‌లో. నేను ఒక ప్రైవేటు బడిలో ఎనిమిది, తొమ్మిది తరగతులకు సైన్సు చెబుతాను. ఈ సంగతి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగిన దాంట్లో నా సైన్సుకు కూడా పాలుంది.

దసరా సెలవులు అయిపోయాక వచ్చిన మొదటి ఆదివారం బయలుదేరాం. ఆరుగురం. అమ్మ, నేను, నా భార్య, తొమ్మిదేళ్ళ మా పాప, మా అక్క, బావ. అక్కావాళ్ళు గాజులరామారంలో ఉంటారు. బావ జీడిమెట్లలో ఒక చిన్న వర్క్‌షాపులో లేత్ మిషన్ నడుపుతాడు. పదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. మా నాయిన పోయినప్పుడు ఆస్పత్రి కాగితాల దగ్గర్నుంచి పదకొండో రోజు వంటల దాకా అన్నీ ఆయనే చూశాడు. నేను అప్పుడు ఎమ్మెస్సీ పరీక్షల్లో ఉన్నాను. అయినా బడిలో ఎవరైనా అడిగితే "మా బావగారు ఇంజనీరింగ్ కంపెనీలో పనిచేస్తారు" అనేవాణ్ణి. లేత్ మిషన్ అనే మాట నా నోటికి ఎందుకో రాలేదు.

పొద్దున ఆరింటికి అక్కా బావా బైకు మీద మా ఇంటికొచ్చారు. అందరం మా కారులో ఇరుక్కుని కూర్చున్నాం. పాప బావ ఒళ్ళో కూర్చుంది. అది వాళ్ళ మామయ్య వచ్చాడంటే ఇంకెవరి దగ్గరికీ పోదు. ఆయన జేబులో దానికోసం ఎప్పుడూ పల్లిపట్టీ ఉంటుంది. దారంతా వాళ్ళిద్దరూ పొడుపుకథలు వేసుకున్నారు.

గుట్ట కింద అటవీ శాఖవాళ్ళు తవ్విన కందకం ఉంది. దాని పక్కన నీలగిరి చెట్ల నీడలో కారు ఆపాం. బావ అయిదు లీటర్ల నీళ్ళ క్యాను భుజాన వేసుకున్నాడు, ఇంకో చేతిలో టిఫిన్ల సంచి పట్టుకున్నాడు, పరుచుకునే దుప్పటి మెడకు చుట్టుకున్నాడు. నా చేతిలో ఫోను ఉంది.

"ఒకటి నాకియ్యి బావా" అన్నాను. అన్నాను గాని చెయ్యి చాపలేదు.

"నువ్వు పోరిని జూస్కో బామ్మర్ది. ముండ్లున్నయి" అన్నాడాయన.

అమ్మ ముందు నడిచింది. ఇంట్లో బాత్రూముకు పోవాలన్నా గోడ పట్టుకునే మనిషి, కందకం దాటగానే మారిపోయింది. ఏ బండ ఎక్కాలో, ఏ పొద చుట్టి పోవాలో ఆమె కాళ్ళకు తెలుసు. "గిది పరికి చెట్టు, ముట్టకుండ్రి, గీకుతది" అని వెనక్కి చూడకుండానే చెప్తోంది. మోదుగ చెట్ల మధ్య నుంచి, తుమ్మల మధ్య నుంచి బాట సన్నగా పైకి పోయింది. ఎక్కడో నెమలి అరిచింది. కింద రోడ్డు మీద లారీల చప్పుడు సగం దూరం దాకా వినిపించి, తర్వాత ఆగిపోయింది.

సీతాఫలాలు అప్పటికే ఎవరో తెంపుకుపోయారు. అమ్మ మాత్రం ఒక పొద లోపలికి చెయ్యి పెట్టి ఒకటి బయటికి తీసింది. కాయ మీది కళ్ళు విచ్చుకుని, గీతలు తెల్లబడి ఉన్నాయి. "కండ్లు తెరిచింది జూడు. రేపటికి పండు" అని పాప చేతిలో పెట్టింది. అంత సంతోషంగా అమ్మను నేను చాలా ఏళ్ళుగా చూడలేదు.

పైకి ఇంకా కొంచెం దూరం ఉందనగా ఒక వెడల్పాటి బండ వచ్చింది. అక్కడ దుప్పటి పరిచి కూర్చున్నాం. నా భార్య పులిహోర తెచ్చింది, అక్క మక్కగారెలు చేసుకొచ్చింది. బండ చివరన నిలబడితే శామీర్‌పేట చెరువు కనిపించింది. అమ్మ చాలాసేపు చూసి, "గప్పుడు నీళ్ళు గీ దిక్కు దాక ఉండె" అంది.

తిన్నాక బావ లేచి కొంచెం ఎడంగా పోయి బీడీ ముట్టించాడు. మేమెవ్వరం వద్దని అనకపోయినా, ఆయన ఇంట్లోవాళ్ళ ముందు ఎన్నడూ తాగడు, పక్కకు పోతాడు. నేను ఇక్కణ్ణుంచే అరిచాను.

"బావా, ఇది అడవి. ఎండుగడ్డి ఉంది. అంటుకుంటే ఎవరు చూస్తరు?"

"ఒక్కటే బామ్మర్ది. ఆర్పి జేబుల వేస్కుంట."

నిజంగానే ఆర్పాడు. బండకు నలిపి, ఊది, వేలితో ముట్టుకుని చూసి, ఆ ముక్కను చొక్కా జేబులో వేసుకున్నాడు. నేను చూశాను. చూడలేదని అనడానికి నాకు వీలు లేదు.

తర్వాత నేనూ పాపా గుట్ట అవతలి వైపు ఏముందో చూద్దామని బండ చుట్టి వెళ్ళాం. ఇంకో యాభై అడుగులు పోతే పైనుంచి ఒక రాయి గొడుగులా ముందుకు వంగి ఉంది. దాని కింద మూడు తేనెతుట్టెలు వేలాడుతున్నాయి. ఒక్కొక్కటి గోనెసంచి అంత. నల్లగా, నిగనిగలాడుతూ. మనం బాల్కనీల్లో చూసే చిన్నవి కావు, కొండ తేనెటీగలు.

"డాడీ, అవి కదలట్లేదేంటి? చచ్చిపోయాయా?" అంది పాప.

నాలోని సైన్సు మాస్టారు నిద్రలేచాడు. వాటి మీద పొరలు పొరలుగా ఈగలే ఉంటాయని చెప్పాను. ఏదైనా దగ్గరికి వస్తే అన్నీ ఒకదాని తర్వాత ఒకటి పొట్టలు పైకెత్తుతాయని, దూరం నుంచి చూస్తే నీళ్ళ మీద అల పోయినట్టు ఉంటుందని చెప్పాను. నేను కూడా దాన్ని పుస్తకంలో చదివానే గాని కళ్ళతో చూడలేదు.

"చూపించు డాడీ."

"ఫోను పట్టుకో. వీడియో తియ్యి" అన్నాను.

గోలీ అంత రాయి తీసి విసిరాను. అది తుట్టెకు తగలలేదు, కింద రాతికి తగిలి పడింది. అయినా తుట్టె మీద ఒక అల పైనుంచి కిందికి మెరిసి పోయింది. ఎంత అందంగా ఉందంటే నేను "చూశావా!" అని గట్టిగా నవ్వాను. పాప గెంతింది. మరుక్షణం దాని ముఖం చిన్నబోయింది.

"రికార్డ్ కాలేదు డాడీ. బటన్ నొక్కలేదు. మళ్ళీ."

అక్కడ ఆగి ఉంటే ఏమీ జరిగేది కాదు. నేను వంగి ఇంకో రాయి తీసుకున్నాను, నిమ్మకాయంత. ఈసారి బాగా కనపడాలని. అది పోయి మధ్య తుట్టె అంచుకు తగిలింది. ఒక ముక్క విరిగి కింద పడింది.

ఆ చప్పుడు ముందు నాకు అర్థం కాలేదు. గుట్ట లోపల ఏదో మోటారు మొదలైనట్టు అనిపించింది. తర్వాత వెలుగు తగ్గింది.

నా చొక్కా ఊడదీసి పాప తల మీద కప్పి, దాన్ని చంకనెత్తుకుని పరుగెత్తాను. బండ దగ్గరికి రాగానే "ఈగలు! పరుగెత్తండి!" అని అరిచాను. అరుస్తూనే వాళ్ళ మధ్య నుంచి దూకి కిందికి పోయాను. నా భార్య నా వెనక పరుగెత్తి వచ్చింది. నేను వెనక్కి చూడలేదు. కందకం దాటి కారు తలుపు తీసి పాపను లోపలికి తోసి అద్దాలు ఎక్కించేదాకా చూడలేదు. నాకు వీపు మీద, చెవుల మీద పదీ పదిహేను చోట్ల కుట్టాయి. పాపకు చేతి మీద రెండు.

అమ్మ, అక్క, బావ ఇంకా పైనే ఉన్నారు.

నా భార్య కారు దిగి గుట్ట వైపు చూస్తూ ఏడుస్తోంది. నేను కారులో వెనక సీటులో పాప పక్కన కూర్చున్నాను. పాప వణుకుతోంది. దాని చెయ్యి పట్టుకుని నేను అన్న మాట ఇది.

"రాయి సంగతి ఎవరికీ చెప్పకు బేటా. సరేనా?"

అప్పటికి మా అమ్మ బతికుందో లేదో నాకు తెలియదు. ఆ సంగతి తెలియకముందే నాకు ఆ మాట తట్టింది. ఇన్ని నెలలుగా దీన్ని ఎన్నోసార్లు నాలో నేను తిప్పి చూసుకున్నాను. భయంలో అన్నాననుకుందామన్నా కుదరడం లేదు. భయంలో మనిషి అమ్మా అంటాడు.

చాలాసేపటికి చెట్ల మధ్య బావ కనిపించాడు. అమ్మను దుప్పటిలో చుట్టి వీపున వేసుకున్నాడు. ఆయన ఒంటి మీద చొక్కా లేదు. దాన్ని కూడా అమ్మ ముఖానికి చుట్టాడు. అక్క కొంగు నెత్తికి కప్పుకుని, తుమ్మకొమ్మ ఒకటి పట్టుకుని వెనక నుంచి ఈగలను కొడుతూ దిగుతోంది. బావ ముఖం అప్పటికే గుర్తుపట్టరాకుండా ఉంది. ఒక కన్ను మూసుకుపోయింది. అడుగు తీసి అడుగు వేస్తూ, తడుముకుంటూ దిగాడు. ఒక్కసారి కూడా అమ్మను కింద దించలేదని అక్క తర్వాత చెప్పింది.

మేడ్చల్‌లో ఒక ఆస్పత్రికి తీసుకుపోయాం. అమ్మకు బీపీ పడిపోయింది, ఊపిరి కష్టంగా తీస్తోంది. లోపలికి తీసుకుపోయారు. కొంతసేపటికి ఒక డాక్టరమ్మ బయటికి వచ్చి అడిగింది.

"ఈగలు ఊరికే ఇంతలా పడవు. ఏం చేశారు? పొగ పెట్టారా? రాయి వేశారా?"

రాయి అనే మాట వినగానే పాప, నేను మళ్ళీ తొడుక్కున్న చొక్కా అంచు పట్టుకుంది. అందరికంటే ముందు నా భార్య అంది, "అన్నయ్య బీడీ తాగారండి."

బావ కింద గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. ఆయనకు అప్పుడే సూది వేసి పోయారు. వాచిన పెదాలతో మెల్లగా అన్నాడు, "తాగిన డాక్టరమ్మ. ఒక్కటి. ఆర్పిన గని... తాగిన."

ఆయన నిజంగానే తనవల్ల జరిగిందనుకున్నాడు. అక్క ఆయన వైపు చూసిన చూపు నాకు గుర్తుంది. నేను అప్పుడు ఊరుకున్నా సరిపోయేది. ఊరుకోలేదు.

"పొగ వాసనకు రేగుతయి బావా అవి. అందుకే చెప్పిన, అడవిల వద్దని" అన్నాను.

నేను సైన్సు సారును. మా ఇంట్లో పాము కరిచినా, పాలు విరిగినా కారణం నన్నే అడుగుతారు. నేను చెప్పాక ఇంక ఎవరూ వేరే కారణం వెతకలేదు. బావ తలవంచుకుని, "అవును, నువ్వు జెప్పినవ్" అన్నాడు.

అమ్మ రెండు రోజులు ఐసీయూలో ఉంది. మూడో రోజు గదిలోకి మార్చారు. సాయంత్రం అందరం చుట్టూ ఉన్నప్పుడు, బావ మంచం కాళ్ళ దగ్గర నిలబడి, "అత్తా, తప్పయింది" అన్నాడు. అమ్మ ముఖం అటు తిప్పుకుంది.

"మోసుకొచ్చినవట, సరే. మోసే గతి తెచ్చిందెవరు?" అంది. "బీడి మీదున్న సోయి మనుషుల మీద లేకపాయె. నా మనవరాలికి ఏమన్నయితే?"

అల్లుణ్ణి పట్టుకుని అమ్మ అట్లా మాట్లాడటం అంతకుముందు నేనెప్పుడూ వినలేదు. నేను కిటికీ బయట పార్కింగులో ఉన్న బండ్లను చూస్తూ నిలబడ్డాను.

ఇంటికి వచ్చాక చూడటానికి చుట్టాలు వచ్చారు. వచ్చిన ప్రతివాళ్ళకూ అదే కథ. నా భార్య చెప్పేది, అమ్మ అందుకునేది, చివర్లో ఎవరో ఒకరు బీడీల మీద ఒక మాట అనేవాళ్ళు. నేను అవునని అనలేదు, కాదని అనలేదు. టీలు అందించాను.

బావ ఆ రోజుతో బీడీ మానేశాడు. ఇరవై ఏళ్ళ అలవాటు. మొదట్లో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక లుంగీ కొస పట్టుకుని తిప్పేవాడు. ఆదివారాలు అమ్మను చూడటానికి వస్తూనే ఉన్నాడు. అమ్మ పలకకపోయినా పండ్లు పెట్టి కాసేపు కూర్చుని పోయేవాడు. ఆయన బైకు చప్పుడు వినగానే పాప లోపలి గదిలోకి పోయి తలుపు వేసుకునేది. పల్లిపట్టీ టీపాయి మీదే ఉండిపోయేది.

ఒక ఆదివారం గేటు దాకా సాగనంపడానికి వెళ్తే ఆయన బైకు స్టార్ట్ చెయ్యకుండా ఆగాడు.

"పోరి నన్ను జూస్తే భయపడ్తాంది బామ్మర్ది. గా రోజు నా మొఖం వాసింది జూసి జడుసుకున్నదో, నావల్లనే వాళ్ళ నాయినమ్మకు గట్లయిందని కోపమో."

"చిన్నపిల్ల కదా బావా. మర్చిపోతది" అన్నాను.

"ఆఁ, మర్చిపోతది" అని ఆయన వెళ్ళిపోయాడు.

లోపలికి వచ్చి పాపను అడిగాను, మామయ్య వస్తే ఎందుకు దాక్కుంటున్నావని. అది హోంవర్క్ పుస్తకం మీద నుంచి తల ఎత్తకుండా అంది.

"మామయ్యను చూస్తే చెప్పెయ్యాలనిపిస్తుంది డాడీ. నువ్వు చెప్పొద్దన్నావ్ కదా. అందుకే లోపలికి పోతున్నా."

కోపం లేదు, ఫిర్యాదు లేదు. నేను చెప్పిన పని అది సరిగ్గా చేస్తోంది, అంతే.

మర్నాడు బడి నుంచి నేరుగా గాజులరామారం వెళ్ళాను. బావ డ్యూటీ నుంచి రాని వేళ చూసుకుని వెళ్ళాను. ముందు అక్కతో చెబితే సులువని. అక్క వాకిట్లో చాటలో బియ్యం చెరుగుతోంది. నిలబడే చెప్పేశాను. రెండు రాళ్ళ సంగతి, పాపకు చెప్పిన మాట, ఆస్పత్రిలో అన్న మాట. అక్క చాట కింద పెట్టింది. తర్వాత లేచి గేటు మూసి వచ్చింది.

"ఇంక ఎవరికి జెప్పినవ్?"

"ఎవరికీ లేదు."

"చెప్పకు."

నాకు అర్థం కాలేదు.

"ఇరవై ఏండ్ల సంది మొత్తుకున్న, మానలే. ఒట్లు పెట్టిన, మానలే. గిప్పుడు మానిండు. రాత్రిళ్ళు దగ్గు లేదు, మంచిగ నిద్రపోతాండు. నువ్వొచ్చి నీ తప్పేం లేదు బావా అంటే తెల్లారి మళ్ళ ముట్టిస్తడు. నీ పాపం నువ్వే మోసుకో తమ్మీ. ఆయన మీద దించకు."

నేను సరే అన్నాను. బస్సు కోసం రోడ్డు దాకా నడుస్తుంటే ఒంట్లో ఎంత హాయిగా అనిపించిందంటే, ఈల వెయ్యబోయి ఆపుకున్నాను. చెప్పాల్సిన పని లేదు. పైగా చెప్పకపోవడమే మంచిదట. ఆ సాయంత్రం నాకు కలిగిన ఆ హాయి రాయి విసిరిన సంగతి కంటే ఎక్కువగా నన్ను కుంగదీస్తుంది, ఇప్పటికీ.

పాపకు చెప్పాను, అత్తయ్య వద్దంది, మామయ్య ఆరోగ్యానికి అదే మంచిదట అని.

"అయితే ఎప్పటికీ మామయ్యే చేసినట్టా?"

పడుకో అన్నాను.

నాలుగు రోజులు గడిచాయి. బడిలో ఎనిమిదో తరగతివాళ్ళకు పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోయాను. ఏం చెబుతున్నానో గుర్తు లేదు. ఒక పిల్ల లేచి "సార్, పొగకు తేనెటీగలు కుడతాయా?" అని అడిగినట్టు నాకు అనిపించింది. ఆ పిల్ల అడిగింది వేరే ఏదో. ఆ మధ్యాహ్నం సెలవు పెట్టి జీడిమెట్ల వెళ్ళాను.

అన్నం వేళ. వర్క్‌షాపు గేటు బయట వేపచెట్టు కింద బావ డబ్బా విప్పుకుని కూర్చున్నాడు. నన్ను చూడగానే లేచాడు. "అత్త మంచిగనే ఉన్నదా?" అదే మొదటి మాట.

ఉందని చెప్పి, మిగతాది చెప్పాను. ఈసారి ఏదీ దాచలేదు. నువ్వు బీడీ ఆర్పి జేబులో వేసుకోవడం నేను చూశానని కూడా చెప్పాను.

ఆయన చేతిలో ముద్ద అట్లాగే ఉంది. దాన్ని తిరిగి డబ్బాలో పెట్టి మూత వేశాడు. నూనె మరకల చేతుల్ని ప్యాంటుకు తుడుచుకున్నాడు. నేను తిడతాడని చూశాను. తిట్టాలని కోరుకున్నాను కూడా.

"నెల మీదాయె" అన్నాడు చివరికి. "మిషన్ కాడ నిలవడ్డా గదే. ముసలామె పానం తీస్తుంటినని. ఒకరోజు సోయి తప్పి వేలు పోయేది, పక్కోడు గుంజిండు."

"బావా..."

"అత్తకు ఎరుకేనా?"

"లేదు."

"మరి నాకెందుకు జెప్తున్నవ్? నేను తిట్టలే కద నిన్ను. తిట్టింది ఆమె. ఆమెకు జెప్పు."

లోపల బెల్లు మోగింది. డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు. అన్నం తినలేదు.

ఆ సాయంత్రం అమ్మ మంచం మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. పక్కన కూర్చుని చెప్పాను. ఆమె గింజలు తీయడం ఆపలేదు. నేను అంతా చెప్పేదాకా ఒక్కొక్కటే తీస్తూ, అంతా విన్నాక అడిగింది.

"పిల్ల జూసిందా?"

"చూసింది."

"పిల్లకేమన్నవ్?"

చెప్పాను. కారులో అన్న మాట.

"నేను పైన్నే ఉన్ననా గప్పటికి?"

"ఉన్నవ్."

అమ్మ గింజలున్న పళ్ళెం పక్కకు జరిపి లేచింది. గోడ పట్టుకుని లోపలికి పోయింది. ఆ రాత్రి అన్నానికి రాలేదు.

మర్నాడు పొద్దున నేను బడికి పోయాక, నా భార్య స్నానానికి పోయిన సమయంలో అమ్మ ఒక్కతే ఇంట్లోంచి బయలుదేరింది. ఆస్పత్రి నుంచి వచ్చాక వీధి చివర కిరాణా కొట్టుకు కూడా పోని మనిషి, రెండు ఆటోలు మారి గాజులరామారం చేరింది. మధ్యాహ్నం దాటాక, ఆ రోజు డ్యూటీకి పోని బావే ఆమెను బైకు మీద తెచ్చి దించిపోయాడు. అక్కడ ఏం జరిగిందో అమ్మ నాకు చెప్పలేదు. నాతో ఆమె ఆరు రోజులు మాట్లాడలేదు. ఏడో రోజు కూడా "చెత్తబండి వచ్చింది" అని మాత్రమే అంది.

అక్క ఫోను చేసింది.

"అమ్మ ఆయన కాళ్ళు పట్టబోయింది. ఆయన ఎనక్కి జరిగి గోడకు గుద్దుకున్నడు. మా అత్త నా కాళ్ళు పట్టుడేందని ఏడ్చిండు. పెండ్లయినప్పటి సంది ఆయన ఏడ్చుడు నేను జూడలే. నువ్వు జెప్పకపోతే అయ్యేది కాదా?"

"అక్కా, చెప్పకుండా ఉండలేకపోయిన."

"ఉండలేకపోయినవ్. ఆస్పత్రిల మంచిగనే ఉండగలిగినవ్ కద."

మళ్ళీ అక్కే, "పొద్దుగాల ఒక బీడి కట్ట కొనుక్కొచ్చుకున్నడు. దగ్గు మళ్ళ మొదలైంది" అని పెట్టేసింది. అప్పట్నుంచి అక్క నాతో అవసరానికి మించి మాట్లాడదు. నాకు ఏది చేసి ఉంటే సరిగ్గా ఉండేదో ఇప్పటికీ తెలియదు. రాయి విసరకుండా ఉంటే సరిపోయేది అన్నది ఒక్కటే తెలుసు. విసిరాక మిగిలిన దారులన్నీ ఎవరో ఒకరి ముఖం మీదుగానే పోయాయి.

పాప మాత్రం తలుపు వేసుకోవడం మానేసింది. తర్వాతి ఆదివారం బావ వచ్చినప్పుడు గేటు దగ్గరే ఎదురుపోయి, వాళ్ళ మామయ్య చెవిలో ఏదో చాలాసేపు చెప్పింది. ఆయన బైకు మీద నుంచి దిగకుండా విన్నాడు. విని, దాని తల మీద చెయ్యి పెట్టాడు. అదేమిటో నేను ఇద్దరినీ అడగలేదు.

మొన్న ఎండాకాలం మేడ్చల్‌లో మా చిన్నమ్మవాళ్ళు కొత్తిల్లు కట్టుకుంటే గృహప్రవేశానికి అందరం వెళ్ళాం. భోజనాల బల్ల దగ్గర మా చిన్నాయన, నాయినకు తమ్ముడు, పదిమందిలో ఆ కథ ఎత్తుకున్నాడు.

"అల్లుడు బీడి ముట్టిచ్చుడు, ఈగలు లేసుడు! వదిన పానం మీదికొచ్చె!"

అందరూ నవ్వారు. బావ నాకు ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ఆకులో పప్పు కలుపుకుంటూ ఆయన కూడా అలవాటైనట్టు కొంచెం నవ్వాడు. అమ్మ ఆడవాళ్ళ బల్ల దగ్గర్నుంచి నా వైపే చూస్తోంది.

నేను లేచి నిలబడ్డాను.

"బావ వల్ల కాదు చిన్నాయినా. రాయి నేను వేసిన. వీడియో కోసం. ఆస్పత్రిల అబద్ధం చెప్పిన."

చిన్నాయన నా భుజం మీద తట్టి పెద్దగా నవ్వాడు.

"జూసిండ్రా? బావ ఇజ్జత్ పోతాందని తన మీదేసుకుంటాండు. సదువుకున్నోని గుణం గట్లుంటది. ఎంత మంచోడురా!"

"లేదు తాతయ్యా, నిజంగా డాడీనే వేశాడు. నేను చూశా" అంది పాప.

"తండ్రికి తగ్గ బిడ్డ" అన్నారు ఎవరో. మళ్ళీ నవ్వులు. ఇంకొకాయన నన్ను మెచ్చుకుంటూ నా ఆకులో లడ్డూ వేయించాడు. నేను ఇంకోసారి చెప్పబోయాను. ఎంత గట్టిగా చెబితే అంత మంచివాణ్ణవుతానని వాళ్ళ ముఖాలు చూస్తే తెలిసిపోయింది.

బావ తల ఎత్తకుండానే అన్నాడు, "కూసో బామ్మర్ది. అన్నం సల్లారుతాంది."

కూర్చున్నాను. చెవులు మండుతున్నాయి. పక్కన ఎవరో మజ్జిగ పోస్తూ ఇంకా నా మంచితనం గురించే మాట్లాడుతున్నారు. నేను తల వంచుకుని తిన్నాను.